కాలేయం చూడని మందు

సోమవారం ఉదయం ఏడూ నలభైకి స్పృహ లేని ముసలాయన్ని ఆస్పత్రికి తెచ్చారు. అప్పుడే రక్తం తీశారు. ఎనిమిదింబావుకి ప్రాణం పోయింది.

బుధవారం రిపోర్టు వచ్చింది. రక్తంలో నిద్రమాత్ర మందు, మనిషిని చంపేంత. ఆ మాత్ర రోజూ రాత్రి ఇచ్చేది పెద్దకోడలు. మధ్యాహ్నానికి ఆమె పోలీస్ స్టేషన్ బెంచీ మీద ఉంది.

"ఆరేళ్లుగా రోజుకొకటే మాత్ర సార్! మామయ్యని నేనెందుకు చంపుకుంటాను?"

నాలుగింటికి ఆమెను కోర్టుకి తీసుకెళ్లాలి. హత్య కేసు. వెళితే ఇప్పట్లో ఇంటిమొహం చూడదు. ఇన్‌స్పెక్టర్‌కి మనసొప్పలేదు. ల్యాబ్‌కి వెళ్లి, కోడలు చెప్పింది చెప్పి, రిపోర్టు తెరిచాడు.

"ఈ రెండో గడి ఖాళీగా ఉందేం?"

"అది మెటబొలైట్ సార్," అంది కెమిస్టు. "మందుని కాలేయం విరగ్గొట్టాక తయారయ్యేది. మీ ఫారంలో అడగలేదుగా, రాయలేదు."

"ఎంతుంది?"

ఆమె గ్రాఫు తిప్పి చూసింది. మందు దగ్గర గీత నిటారుగా లేచింది. రెండోది ఉండాల్సిన చోట చదునుగా ఉంది.

"సున్నా!" ఆమె మరోసారి సరిచూసుకుంది. "ఆరేళ్లు వాడినాయన రక్తంలో ఇది ఉండి తీరాలి. మందు ట్యూబులోనే కలిపారు సార్. అసలీ రక్తం ఆయనది కాదు."

ఇన్‌స్పెక్టర్ ట్యూబు మీది సంతకం చూశాడు. ఆస్పత్రిలో ఆ రక్తం తీసిన టెక్నీషియన్ ముసలాయన చిన్నకొడుకు.

మూడూ ఇరవైకి స్టేషన్‌లో అడుగుపెట్టాడు. చిన్నకొడుకు వదిన పక్కన కూర్చుని ఓదారుస్తున్నాడు. మండే ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా.

"సోమవారం పొద్దున ఇంటికెళ్లావా?"

"ఆరింటికండీ. నాన్నకి రోజూ బలానికి సూది వేస్తాను."

"ఆ రోజు వేసిందేమిటి?"

అతను చొక్కా చేతుల్ని ఇంకా కిందికి లాక్కున్నాడు.

"ఆ సూదిమందు బయటపడకూడదని ఆయన రక్తం పారేసి, వేరే రక్తంలో నిద్రమాత్ర కలిపావు."

"మాత్ర ఉందా లేదా అనే కదండీ మెషిన్ చెప్పేది!"

"మీ ఆస్పత్రి మెషిన్ అంతే చెబుతుంది. మందు ఒంట్లోకి వెళ్లిందో లేదో కూడా మా ల్యాబ్ మెషిన్ చెబుతుంది. ఆ రక్తం ఎవరిదో చూద్దాం, చొక్కా చెయ్యి పైకి మడుచు."

మోచేతి మడతలో సూది గుచ్చిన చోట చర్మం నల్లగా కమిలి ఉంది.

కోడలు లేచింది. "ఆదివారం మామయ్య ఇతన్ని కేకలేశారు సార్. ఆస్పత్రి మత్తుమందులు దొంగతనంగా అమ్ముతున్నాడని, మర్నాడు పెద్ద డాక్టరుకి చెప్పేస్తానని. ఇంటి పరువని నోరు మూసుకున్నాను."

"నీకు తెలుసని ఇతనికి తెలుసా?"

"నేనూ అక్కడే ఉన్నాగా."

ఇన్‌స్పెక్టర్ చూపు బెంచీ మీది క్యారేజీ మీద పడింది.

"అదెవరు తెచ్చారమ్మా?"

"మరిదే. తినమని ఇందాకట్నుంచీ ఒకటే బతిమాలుతున్నాడు. నాకే సయించలేదు."

చిన్నకొడుకు తల దించుకున్నాడు.

"మూత తియ్యకండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ల్యాబ్‌కి పంపండి."