ఒక్క దెబ్బ, ఆ తర్వాత ఖాళీ

మార్కాపురంలో పెళ్ళి వీడియోలకు పాటలు అతికించుకునే నాకు హైదరాబాదు నుంచి గ్యాలరీ పని రావడమే ఒక వింత. ఫెబీ అనే అమ్మాయి జపాన్‌లో కళల చదువు చదివొచ్చింది. చీకటి గదిలో మా ఊరి నల్ల పలకలు వేలాడదీస్తుందట, దానికి సంగీతం నేను కట్టాలంట. రాగాలు పంపితే అన్నీ తిప్పికొట్టింది.

"ముబాషిరక్కా, నాకు శబ్దం ఒక్కటి చాలు. ఆ తర్వాత ఖాళీ. జపాన్ వాళ్ళు ఆ ఖాళీనే వింటారు," అనింది ఫోన్లో.

ఖాళీకి నా దగ్గర కరువా? నన్ను కన్న అమ్మీ పోయినాక మా ఇంట్లో ఉండేదే అది. ఇప్పటికీ అలవాటు కొద్దీ టీ రెండు గ్లాసుల్లో పోస్తా, రెండోది కూడా నేనే తాగుతా.

పలక సొంత గొంతుతో మోగాలంటే అది పుట్టినచోటే మోగాల. అందుకని ఒక మధ్యాహ్నం సుబ్బన్న ఆటో ఎక్కి, ఊరి బయట మూతబడిన పలకల గనికి పోయినా. సుబ్బన్న మా నాయన, అదే అబ్బా, బతికున్నప్పుడు ఆయనతో కలిసి గనుల్లో పని చేసినోడు. గట్టు మీద తుమ్మచెట్టు నీడలో ఆటో ఆపి బీడీ ముట్టించినాడు.

నేను గుంతలోకి దిగినా. పైన ఎండ మాడుస్తా ఉంది, లోపల మాత్రం చలి. అడుగున పచ్చటి నీళ్ళు, తడిసిన రాతిపొడి వాసన. పిట్ట కూత కూడా లేదు. మైకు రాతికి ఆనించి, హెడ్‌ఫోన్లు పెట్టుకొని, సుత్తితో పలక మీద ఒక్క దెబ్బ కొట్టినా.

టంగ్...

శబ్దం సన్నబడి, సన్నబడి ఆగిపోయింది. ఆ తర్వాత ఖాళీ. ఫెబీ అడిగింది ఇదే కదా అని మురిసిపోయినా.

ఆ ఖాళీలో... టక్, టక్.

నీళ్ళలో రాయేదో పడిందనుకున్నా. మళ్ళీ కొట్టినా. ఒక్కటే. ఆగినా.

టక్, టక్.

రాతి లోపల్నుంచి. ఈసారి దగ్గరగా.

ఎవరో ఇరుక్కున్నారనుకొని సుబ్బన్నను కేకేసినా. ఆయన దిగొచ్చి హెడ్‌ఫోన్లు చెవికి ఆనించుకొని, లోపల్నుంచి మళ్ళీ వచ్చిన టక్, టక్ విన్నాడు. నేను సుత్తి ఎత్తబోతే చెయ్యి పట్టుకున్నాడు. ముఖాన నెత్తురు చుక్క లేదు.

"నువ్వెన్ని దెబ్బలు కొట్టినావమ్మా?" గుసగుసగా అడిగినాడు.

"ఒక్కొక్కటే."

సుబ్బన్న నా రెక్క పట్టుకొని గట్టు మీదికి లాక్కొచ్చి ఆటో స్టార్ట్ చేసినాడు.

అబ్బా చెప్పిన పద్ధతి నాకప్పుడు తట్టింది. గనిలో చరియ విరిగి మనిషి కింద పూడిపోతే, వెతికేవాళ్ళు రెండు దెబ్బలు కొట్టి ఊపిరి బిగబట్టి వింటారు. లోపలున్నోడు బతికుంటే ఒక్క దెబ్బతో బదులిస్తాడు. బదులొచ్చినాక, మనిషి చేతికందేదాకా తవ్వడం ఆపకూడదు. ఆపితే మహాపాపం.

నేను కొట్టింది ఒక్కటి. అంటే రాతి లోపల ఉన్నది ఇరుక్కున్నోళ్ళు కాదు, వెతికేవాళ్ళు. వాళ్ళ లెక్కలో పూడిపోయింది నేను.

ఫెబీకి ఆ రికార్డింగ్ ముక్క పంపలేదు. పని పోతే పోయింది. సుబ్బన్నకు ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తి, కంభం పోయినాడమ్మా అంటుంది. ఎప్పుడు చేసినా కంభమే.

గని నుంచి వచ్చిన మరుసటి రోజు నుంచి మా ఇంటి బండల కింద గడ్డపార చప్పుడు. ధన్... ధన్... దూరంగా, ఓపిగ్గా. పక్కింటివాళ్ళను పిలిస్తే, మాకేం వినబళ్ళేదే అన్నారు. గిద్దలూరులో అమ్మీ చెల్లెలు, మా ఖాలా ఇంటికి పోయి పడుకుంటే అక్కడా అదే చప్పుడు, నా మంచం కిందనే. తిరిగొచ్చేసినా. ఎక్కడికని పోను?

భయం కాదా అంటే భయమే. కాళ్ళు నేల మీద ఆనించకుండా మంచం మీదే ముడుచుకొని కూర్చుంటున్నా. కానీ ఒక మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇంత కష్టపడి నాకోసం వచ్చేవాళ్ళు నాకింకెవరున్నారు?

గనుల్లో ఇంకో సంగతి కూడా ఉంది. మనిషి దగ్గరికొచ్చినాక గడ్డపారలు పక్కన పెట్టేస్తారు. లోపలున్నోళ్ళకు దెబ్బ తగలకూడదని, ఆఖర్న ఉత్త చేతుల్తోనే మట్టి తీస్తారు.

ఈ పొద్దున్నుంచి గడ్డపార చప్పుడు లేదు. బండ కింద గోళ్ళు గీరుతున్నాయి... మెల్లగా, చాలా జాగ్రత్తగా.