ఎర్రజెండా చూసి ఆగిన కారు

"నువ్వు నడపవు. ముందు సీట్లో కూర్చుంటావు, అంతే," అన్నాడు చీఫ్.

ఆ మాట ఏజెంట్ క్లచ్‌కి మింగుడు పడలేదు. తుపాకి గుళ్ల మధ్య ఇరవై రెండేళ్లు బండి నడిపి సంపాదించుకున్న పేరది. ఇప్పుడు ఆ పని డ్రైవర్ లేకుండా తనే నడిచే కారు పాలైంది.

మిషన్ చూడ్డానికి చిన్నదే. ఆ కారుని తయారుచేసిన సైంటిస్టుని పదకొండింటికల్లా టెస్ట్ ట్రాక్‌కి చేర్చాలి. ఆయన్ని ఎత్తుకుపోవడానికి ఓ విదేశీ ముఠా కాచుకుని ఉంది. వాళ్ల మనిషి డిపార్ట్‌మెంట్‌లోనే ఉన్నట్టు కబురు. ఎవరో తెలీదు.

కారుని చూడగానే క్లచ్ కడుపు రగిలిపోయింది. స్టీరింగ్ ఉండాల్సిన చోట నల్లటి స్క్రీన్. అంతకన్నా మండిందేమిటంటే, వెనక సీట్లో సైంటిస్టు పక్కన ఏజెంట్ పావురం కూర్చుని ఉంది. ముత్యాల దండ, నల్ల కళ్లద్దాలు, పదకొండేళ్లుగా అతని పక్కసీటు ఏజెంట్. 'నువ్వు నడుపుతుంటే హాయిగా నిద్ర పట్టేస్తుంది' అనేది. ఇవాళ ఆ మాటే డోరు నిమురుతూ కారుతో అంది.

"సంచిలో ఏంటి గురూ? టిఫిన్ డబ్బానా?" క్లచ్ ఒళ్లోని సంచి చూసి అడిగింది పావురం.

"అలాంటిదే."

డిపార్ట్‌మెంట్ వర్క్‌షాప్‌లో కార్లు బాగుచేసే బాబాయ్ ఇచ్చిన సంచి అది. పొద్దున్నే వెళ్లి ఏడుపుమొహం పెడితే ముసలాయన జాలిపడ్డాడు.

కారు బయల్దేరింది. ఒప్పుకోవాలి, బాగానే నడిచింది. గుంత రాకముందే నెమ్మదించింది. సైకిల్ మీంచి తూలిపడబోయిన పెద్దాయన్ని క్లచ్ కన్నా ముందే చూసి ఆగింది. ఒక్క తప్పయినా దొరక్కపోతుందా అని అతను రోడ్డంతా కళ్లతో జల్లెడ పట్టాడు. దొరకలేదు. కుళ్లు ఇంకాస్త పెరిగింది.

కల్వర్టు దగ్గర రోడ్డు పని జరుగుతోంది. నలుగురు మనుషులు, ఓ తారు డ్రమ్ము. ఒకడు ఎర్రజెండా ఊపాడు. కారు బుద్ధిగా ఆగింది.

డ్రమ్ము కింద మంట లేదు. నలుగురి బూట్లకీ చుక్క తారు అంటలేదు.

"పోనియ్," అన్నాడు క్లచ్.

"ఎదురుగా మనిషి ఉన్నారు. వేచి ఉండండి," అంది కారు తియ్యగా. దాని తప్పేం లేదు. మనిషి కనిపిస్తే ఆగమని నేర్పారు. ఆ మనిషిని అనుమానించమని ఎవరూ నేర్పలేదు.

వెనక డోరు లాక్ టక్కుమంది. పావురం సీటు బెల్టు తీసేసి, సైంటిస్టు డొక్కలో పిస్టల్ ఆనించింది.

"దిగండి సార్. ఇది ఆగుతుందన్న ధీమాతోనే ఈ చోటు చూపించాను వాళ్లకి. నువ్వయితే ఆగేవాడివి కాదు గురూ."

అంత కోపంలోనూ ఆ మాట క్లచ్ కడుపులో చల్లగా దిగింది.

సంచిలోంచి బాబాయ్ ఇచ్చిన స్టీరింగ్ బయటికొచ్చింది. గ్యారేజీలో కారుని అటూ ఇటూ జరుపుకోవడానికి వాడేది, బ్రేకూ యాక్సిలరేటరూ దాని మీదే. స్క్రీన్ కింద సాకెట్‌లో గుచ్చాడు. ముఠావాడి చెయ్యి డోరు మీద పడింది. అదే క్షణంలో కారు ఒక్క ఊపున వెనక్కి దూకింది. బెల్టు లేని పావురం ముందుకి తూలింది. పిస్టల్ వచ్చి క్లచ్ ఒళ్లో పడింది. అతని చొక్కా బటన్‌లో దాచిన రేడియోలో అంతా వింటూ దూరంగా వెంట వస్తున్న కమాండోలు కల్వర్టుని చుట్టుముట్టారు.

పదకొండుకి రెండు నిమిషాలుండగా సైంటిస్టు ట్రాక్ మీద దిగాడు.

"కారు కెమెరాలు పన్నెండు," అన్నాడు చీఫ్. "వాటికి అందనిది నీకెలా అందింది? ఇంజనీర్లు అడుగుతున్నారు. రిపోర్టులో ఏం రాయమంటావ్?"

క్లచ్ స్టీరింగ్‌ని తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"కుళ్లు సార్. కారు తప్పు పట్టాలని రోడ్డంతా వెతికించింది. అయితే అది మాత్రం కారుకి బిగించొద్దని చెప్పండి. నా ఉద్యోగం పోతుంది."