గట్టి రక్తం

ఏటి ఒడ్డునున్న ఆ చిన్న ఆసుపత్రికి నెల్సీ ఒక్కతే డాక్టరు. కొత్త డాక్టర్లు ఏడాదిపాటు పల్లెలో చేయాలన్న నియమం ఆమెను ఇక్కడ తెచ్చి పడేసింది. నర్సు సెలవు పెట్టింది. మధ్యాహ్నానికే మబ్బు కమ్మి, రేకుల మీద వాన, గదినిండా బురద వాసన. పలకరించే దిక్కులేక నెల్సీ ఈమధ్య గోడలతో మాట్లాడుతోంది.

మంచం మీద బాలింత దెయనీర. కాన్పులో నెత్తురు బాగా పోయింది. బాలింతకు ఎక్కువమంది పిల్లల్ని కన్న ఆడదే రక్తమివ్వాలని అక్కడివాళ్ళ పట్టు. అది గట్టి రక్తమట. అందుకే ఆమె మేనత్త యూఫేమియా మొన్న వచ్చి ఒక సంచీ రక్తమిచ్చి, పడవెక్కి వెళ్ళిపోయింది. ఎక్కువ కాన్పులైన ఆడదాని రక్తం ఒక్కోసారి ఎక్కించుకున్నవాళ్ళ ఊపిరితిత్తుల మీద ఎదురు తిరుగుతుందని నెల్సీకి తెలుసు. వేరే రక్తం ఎక్కడుంది మరి?

సంచీ సగమయ్యేసరికి దెయనీరకు ఆయాసం మొదలైంది. పెదాలు నీలమయ్యాయి. ఊపిరి తీస్తే గుడగుడ...

ఎక్కించింది ఎక్కువై ఊపిరితిత్తుల్లో నీరు చేరిందా? అయితే నీరు లాగే ఇంజెక్షన్ ఇవ్వాలి. రక్తమే తిరగబడిందా? అయితే ఆ ఇంజెక్షనే ప్రాణం తీయొచ్చు. అడగడానికి మనిషి లేడు. ఇంజెక్షనే ఇద్దామని సిరంజి నింపింది.

"అది కాదమ్మాయ్."

తలుపు పక్క స్టూలు మీద యూఫేమియా. ఎప్పుడొచ్చిందో, తల తడిసి ముద్దయింది.

"నీళ్ళు నిండిన మనిషి ఎలా ఉంటుందో నాకు తెలుసు," గుసగుసగా అంది. "మెడ చూడు."

నీరెక్కువైతే ఉబ్బాల్సిన మెడ నరాలు ఉబ్బలేదు. రక్తపోటు పడిపోతోంది. ఒళ్ళు కాలిపోతోంది. నెల్సీ సిరంజి పక్కన పడేసింది. రక్తం ఆపి, సంచీకి క్లిప్పు బిగించి, సెలైన్ పెట్టి, ఆక్సిజన్ పెంచింది.

"తొమ్మిదిమందిని కన్న ఒళ్ళు. నా రక్తం ఎవరితోనూ సర్దుకోదు. మిగిలింది నాకిచ్చెయ్యి. చలేస్తోంది."

"ఇచ్చింది మళ్ళీ అడుగుతారా పెద్దమ్మా?"

నెల్సీ నవ్వింది. ఇన్ని నెలల్లో తన పక్కన ఒక మనిషి కూర్చోవడం ఇదే మొదలు. ప్రాణం కుదుటపడింది.

సాయంత్రానికి దెయనీర ఊపిరి తేలికైంది. వాన తగ్గాక భర్త విల్మర్ వచ్చాడు.

"మేనత్త లేకపోతే మీ ఆవిడ దక్కేది కాదు," అంది నెల్సీ.

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. గొంతు తగ్గించాడు.

"దీనికి చెప్పొద్దు డాక్టరమ్మా... మొన్న రక్తమిచ్చి వెళ్తుంటే పడవ తిరగబడింది. అత్త శవం ఇంకా దొరకలేదు."

స్టూలు ఖాళీ. కింద బురదనీళ్ళు. నెల్సీకి భయం కన్నా ముందు ఏడుపొచ్చింది.

తర్వాత సంచీ వైపు చూసింది. తను బిగించిన క్లిప్పు బిగించినట్టే ఉంది. సగమున్న సంచీ ఇప్పుడు నిండుగా ఉంది... ఏటి నీళ్ళతో. అడుగున ఇసుక పేరుకుంది.