బ్లోయర్ గొంతు

"స్క్రూడ్రైవర్ చెవుల పెట్టుకొని ఏం చేస్తున్నరన్నా?"

అక్షయ నాతో అన్న మొదటి మాట ఇదే.

గార్లలో మా రైస్ మిల్లులో ఊక ఊదే బ్లోయర్ మూడు రోజులుగా మూలుగుతోంది. దాని బేరింగు మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటున్నాను. ఫిట్టర్లందరూ చేసే పనే. లాప్‌టాప్, మైకు పట్టుకుని హైదరాబాద్ నుంచి దిగిన ఇంజినీరుకు మాత్రం తమాషాగా ఉంది.

"రోగమేందో ఇంటున్న మేడం. బేరింగు మంచిగనే ఉంది. ఏడనో టక్కుమంటుంది గని దొరుకుతలేదు."

"మా సాఫ్ట్‌వేర్‌కు దొరుకుతది. మీరు జర జరుగున్రి."

రెండు నిమిషాలు రికార్డు చేసి ఆఫీసు గదిలో కూర్చుంది. బయట వాన. టీ నేనే పట్టుకెళ్లాను. టీ ఇవ్వడానికి వేరే మనిషి ఉన్నాడు, ఆ సంగతి మీకెందుకు!

తెర మీద పచ్చని గీతలు లేచి ఆడుతున్నాయి.

"గిదేంది మేడం?"

"మీ బ్లోయర్ చప్పుడే. ఏ గీత ఏ పార్టుదో లెక్కుంటది."

పదకొండేళ్లుగా చెవితో విన్నది కళ్లముందు నిలబడింది. ఒళ్లు జలదరించింది. ఆ వెలుగు ఆమె బుగ్గ మీద కూడా పడుతోంది. గీతలు చూడాలో బుగ్గ చూడాలో తెలియలేదు.

"బేరింగే పోయింది," అంది అక్షయ. "రిపోర్టు పంపుతున్న. నేనొక్కదాన్నే చేస్తున్న మొదటి రిపోర్టు. తప్పయితే ఇగ మిల్లులకు పంపరు, ఆఫీసుల కూసోవెడ్తరు."

"అంటే మళ్ల గార్లకు రారా?"

"ఎట్లొస్త?"

కానీ బేరింగు బాగుందనే నా చెవి చెబుతోంది. "ఒక్కసారి వినిపియ్యున్రి మేడం."

హెడ్‌ఫోన్లు ఇచ్చింది. విన్నాను.

"గిది మా బ్లోయర్ గొంతు కాదు."

"ఏంది? నా చేతులతోని రికార్డు చేసిన!"

"గొంతు సన్నగుంది, ఉరుకుతుంది. రెండు నిమిషాలు పట్టిన్రు గద, నిమిషంలనే ఒడిసింది."

"నాకే సాఫ్ట్‌వేర్ నేర్పుతున్నరా?"

నోరు మూసుకుంటే మర్యాదగా ఉండేది. కానీ తప్పు రిపోర్టు పోతే ఈ మనిషి మళ్లీ రాదు.

"కోపం చేయకున్రి. పదకొండేండ్ల సంది దాని పక్కన్నే అన్నం తింటున్న. దాని గొంతు నాకెర్క."

ఆమె విసుగ్గా ఫైలు వివరాలు తెరిచింది. అంతలోనే నాలుక కరుచుకుంది.

"అయ్యో! లోడ్ చేసేటప్పుడు సెకనుకు ఎన్ని శాంపిళ్లని, అంటే ఎన్ని చప్పుడు ముక్కలని అడుగుతది. నిన్నటి మిల్లు నంబరే ఉంచిన. మీదానికి అండ్ల సగమే. అందుకే డబుల్ స్పీడుల ఉరికింది, గీతలన్ని జరిగినయి!"

నంబరు మార్చి మళ్లీ లోడ్ చేసింది. ఈసారి బరువైన గొంతు, మా బ్లోయర్ గొంతు.

కళ్లు మూసుకున్నాను. "ఆపున్రి. ఈడ!"

ఆ ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పింది. టక్... టక్... చక్రం ఒక్కో తిరుగుడుకు ఒక్కో టక్. తెర మీద సరిగ్గా అక్కడే చిన్న గీత ఒకటి లేస్తోంది.

"పుల్లీ!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

వెళ్లి చూస్తే పుల్లీని ఇరుసుకు బిగించే కీ, వేలెడంత ఇనుప ముక్క, వదులైంది. అక్షయ నన్ను కన్నార్పకుండా చూసింది.

"ఇంత లాప్‌టాప్ పట్టుకొని నేను తప్పిన. ఉట్టి చెవితోని ఎట్ల పట్టిన్రు?"

మిల్లు యజమాని జగన్మోహన్ సారు వచ్చాడు. ఆమె దాచిపెట్టొచ్చు, ఎవరడుగుతారు? "సార్, నేను తప్పు లోడ్ చేసిన. యుగేందర్ పట్టిండు," అంది నిలబడి. నా మతి అప్పుడు పూర్తిగా పోయింది.

కీ బిగించి బ్లోయర్ నడిపాం. అక్షయ కొత్త రికార్డింగ్ మొదలుపెట్టి, సారు పిలిస్తే బయటికి వెళ్లింది. చుట్టూ ఎవరూ లేరు. బేరింగు దగ్గరికి వంగి బ్లోయర్‌తో మొరపెట్టుకున్నాను. పక్కనే మైకుందన్న సోయి ఉంటే కదా!

ఆమె తిరిగొచ్చి, నంబరు రెండుసార్లు సరిచూసుకుని ఫైలు లోడ్ చేసింది. ఆ టక్ గీత మాయమైంది. నవ్వుతూ వింటోంది. ఉన్నట్టుండి కళ్లు పెద్దవయ్యాయి. హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టింది.

'తల్లీ, నెలకోసారన్న జర మూలుగు. గా పిల్ల మళ్ల రావాలె. రాకపోతే నేను పిచ్చోన్నయిత.'

భూమి చీలితే దూరిపోయేవాణ్ని.

"డిలీట్ కొట్టున్రి మేడం! మీ కాళ్లు మొక్త!"

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. నింపాదిగా ఫైలు సేవ్ చేసింది.

"పరేషాన్ కాకున్రి. రిపోర్టుల పెట్ట."

"మరి?"

"జనగామల మా అమ్మకు వినిపిస్త. ఎసొంటోడు కావాల్నే అని రోజు అడుగుతది."