వెనక సీట్లో ఉండేది

"ఈ స్ప్రింగులు ఎవరు వేశారండీ? మీకూ వాళ్ళకీ ఏమైనా పాత పగ ఉందా?"

కారు కిందనుంచి వచ్చింది ఆ మాట. దాని వెనకే ఒక టార్చిలైటు, గ్రీజు మరకల నీలం చొక్కా, చివరికి ఒక ముఖం బయటికొచ్చాయి.

నిజానికి నేను ఆ షెడ్డుకి తగువు పెట్టుకోవడానికే సిద్ధపడి వెళ్ళాను. మెకానిక్కులంతా ఒకే తాను ముక్కలని నా నమ్మకం. ఆ ముఖం చూశాక తగువు ఎక్కడ మొదలుపెట్టాలో మర్చిపోయాను. అందగత్తె అని చెప్పను, చెబితే తనే ఒప్పుకోదు. కానీ ముక్కు చివర నల్లటి మరక పెట్టుకుని అంత దర్జాగా ఎదుటి మనిషిని నిలదీసే అమ్మాయిని నేను అంతకుముందు చూడలేదు.

"పగ నాకు లేదండీ, వాళ్ళకే ఉన్నట్టుంది," అన్నాను.

నేను కేకులు చేస్తాను. చిన్న కేకులు అందరూ చేస్తారు, నావి అంతస్తుల కేకులు. వాటిని పెళ్ళిళ్ళకి చేర్చడానికి మా మేనమామ వాడి వదిలేసిన ముసలి కారు ఒకటి ఉంది. కుదుపు ఆపే షాక్ అబ్జార్బర్లు చచ్చిపోయి, మలుపు తిరిగితే చాలు, పడవలా ఊగేది. బాగు చేయించుకుందామని ఒకచోట ఇస్తే, రేసు కారు చేసి పెట్టాం తీసుకోండి అన్నారు. గట్టి స్ప్రింగులు బిగించి, కారుని దాదాపు నేలకి ఆనించి పంపారు. ఊగడం ఆగిందన్న మాట నిజమే. కానీ మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే కేకు పై అంతస్తు ఎగిరి సీటు కింద పడింది.

ఆ రోజు అక్క నన్ను కూర్చోబెట్టి మాట్లాడింది. మా కొట్టు నడిపేది అక్కే.

"శనివారం పెళ్ళికి నాలుగంతస్తులు ఒప్పుకున్నాం కాబట్టి ఇస్తాం. అది కూడా విరిగిందంటే ఇక ఈ అంతస్తులకి ఓ దండం. బ్రెడ్డూ బన్నులూ చేసుకుని బతుకుదాం."

అక్క అరిచే రకం కాదు. అరిస్తే బతిమాలి ఒప్పించవచ్చు, నెమ్మదిగా చెప్పిందంటే తిరుగులేదు. బన్నుల మీద నాకు కోపమేమీ లేదు గానీ, జన్మంతా బన్నులే అంటే నా ప్రాణం ఉసూరుమంది.

ఇదంతా ఆ అమ్మాయికి విడమరిచి చెప్పాననే అనుకున్నాను. కేకు అన్న ముక్క ఒక్కటి నా నోట రాలేదని తర్వాత తెలిసింది.

"ఈ కారు ఎక్కువ దేనికి వాడతారు?" అని అడిగింది.

"అసలు గొడవంతా వెనక సీటుదండీ. చాలా సున్నితం. కొంచెం కుదిపినా తట్టుకోలేదు. మలుపొస్తే పక్కకి వాలిపోతుంది."

చేతిలో స్పానర్ తిప్పుతున్నదల్లా ఆగింది. "దూరాలు తీసుకెళ్తారా?"

"డెలివరీకి తప్ప బయటికి కదపం."

"డెలివరీ ఎప్పుడు?" గొంతు ఒక్కసారిగా మెత్తబడింది.

"ఈ శనివారమే. సాయంత్రం."

"ముందే చెప్పేశారా?"

"చెప్పరా మరి? కాస్త ఆలస్యమైతే ఊరుకుంటారా వాళ్ళు?"

"మొదటిదా?"

"ఇంత పెద్దది ఇదే మొదటిదండీ. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

ఆమె నవ్వింది. "అందరికీ అలాగే ఉంటుంది లెండి. అయినా ఇన్నాళ్ళూ ఈ కారులో ఎలా తిప్పారండీ?"

"ఏం చేస్తాం. మొన్నైతే సీట్లోంచి కింద పడిపోయింది కూడా."

"పడిపోయిందా? మరి?"

"మరేముంది, పక్కన ఆపి నేనే సరిచేశాను. నాకు అలవాటే."

నన్ను ఎగాదిగా చూసింది. ఆ చూపుని మెచ్చుకోలు కింద జమ కట్టుకున్నాను.

"సరే, ఇది నాకొదిలేయండి," అంటూ నేల మీద చతికిలబడి సుద్దముక్కతో ఒక చక్రం బొమ్మ గీసింది. "కారు గట్టిగా ఉంటే మలుపులో వాలదు, కానీ గుంటలో ఎత్తేస్తుంది. మెత్తగా ఉంటే గుంట తెలీదు, కానీ మలుపులో ఊగుతుంది. మీకు రెండూ కావాలి. అలాంటప్పుడు స్ప్రింగు ఒక్కదాన్నే పట్టుకుని వేలాడకూడదు."

"మరేం పట్టుకోవాలి?"

"ఈ గట్టి స్ప్రింగులు పీకేసి, పాతవాటికంటే ఒక్క పిసరు గట్టివి వేస్తా. కారు మళ్ళీ తన ఎత్తుకి వస్తుంది. స్ప్రింగు ఎగిరితే పట్టి కూర్చోబెట్టేది షాకు, కాబట్టి నాలుగూ మంచివి పడాలి. కీళ్ళ దగ్గరుండే రబ్బరు బుష్‌లు ఎండిపోయాయి, కొత్తవి కావాలి. ఈ సన్న టైర్లు కూడా తీసేద్దాం, రబ్బరు ఎత్తుగా ఉంటే సగం కుదుపు అక్కడే చస్తుంది. ఇక ఇది చూడండి." రెండు చక్రాల మధ్య ఒక గీత గీసింది. "యాంటీ రోల్ బార్. ఉత్త కడ్డీ. ఇది కాస్త లావుది వేస్తే మలుపులో కారుని వాలనివ్వదు. రెండు చక్రాలూ కలిసి గుంటలో దిగితే మాత్రం తన పని కాదన్నట్టు నోరు మూసుకుంటుంది."

నేను ప్రేమలో పడింది ఎక్కడా అంటే, సరిగ్గా ఆ కడ్డీ దగ్గర. ఎందుకని అడక్కండి, ఆ సుద్ద చెయ్యి అలాగే చొక్కాకి తుడుచుకుంది, అంతే.

గురువారం ట్రయలు. ఆ షెడ్డు తనదీ, తన బాబాయిదీ. ఆయన ఇంజన్లు చూస్తాడు, ఈమె చక్రాల సంగతి చూస్తుంది. తాళాలు నా చేతికిచ్చి తను వెనక తలుపు తీసింది.

"మీరు నడపండి. స్టీరింగు పట్టుకున్నవాళ్ళకి సగం కుదుపు తెలీదు. తెలిసేది వెనకున్నవాళ్ళకే."

కూర్చుని, ఒక దిండు పొట్టకి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. దిండెందుకో నాకు అంతుపట్టలేదు. ఎవరి పద్ధతులు వాళ్ళవి అని ఊరుకున్నాను.

కారు ఎంత మారిపోయిందో చెప్పలేను. స్పీడ్ బ్రేకర్ ఎక్కి, దిగి, అక్కడితో ఆ సంగతి మర్చిపోయింది. మలుపులో బుద్ధిగా తిరిగింది. అంతలో చినుకులు మొదలయ్యాయి. అద్దంలో చూస్తే కళ్ళు మూసుకున్న ఆ ముఖం, వెనక గాజు మీద జారుతున్న నీళ్ళు. ఆ రోడ్డు అలా సాగుతూనే ఉంటే బాగుండు అనిపించింది.

"అద్దంలో రోడ్డు లేదండీ. ముందుంది," అంది కళ్ళు తెరవకుండానే.

దొరికిపోయాను. దొరికాను కదా అని ధైర్యం చేశాను. "ఆ మలుపు దాటితే టీ చాలా బాగుంటుంది. ఎలాగూ వాన పడుతోంది..."

ఇప్పుడు కళ్ళు తెరిచింది. "ఇంట్లో అంత పని పెట్టుకుని, బయట టీలేంటండీ? మీకసలు భయం లేదా?"

నాకు కొట్టులో మిగిలిపోయిన క్రీము పని గుర్తొచ్చింది. "అక్క చూసుకుంటుంది లెండి."

"అక్క నెత్తిన పడేసి మీరిలా తిరుగుతున్నారన్నమాట."

తిరుగుదారంతా నాతో ఒక్కటే మాట మాట్లాడింది, ఎడమ వెనక షాకు ఇంకొంచెం వదులు చేయాలని. కారు మెత్తబడుతున్న కొద్దీ ఈ అమ్మాయి గట్టిపడుతోందేమిటా అని నేను తల బద్దలు కొట్టుకున్నాను. నా మొహానికి టీ ఒకటి తక్కువైంది అని తిట్టుకుని ఇంటికి పోయాను. శుక్రవారం కారు తెచ్చుకోవడానికి వెళ్తే తాళాలు బాబాయి చేతనే ఇప్పించింది.

శనివారం మధ్యాహ్నానికి కేకు సిద్ధమైంది. నాలుగంతస్తులు, చక్కెర పూలు, పై నుంచి కిందికి తీగ. వెనక సీటు మీద చెక్క పలక వేసి సమం చేస్తున్నాను. వానలో గొడుగు పట్టుకుని, చంకలో ఆ దిండుతో సహా, షెడ్డులో నేను రాయించిన అడ్రసు వెతుక్కుంటూ ఆమె వచ్చింది.

"ఎవరో ఒకరు పక్కన కూర్చుని పట్టుకోవాలి కదా అని వచ్చాను. మీ కోసం కాదు," అని నన్ను దాటుకుని నేరుగా కొట్టులోకి నడిచింది.

లోపల నిలబడి ఉన్న అక్కని చూడగానే కంగారుపడింది. "కూర్చోండి, కూర్చోండి. నొప్పులేమైనా మొదలయ్యాయా?"

"మోకాళ్ళవా? అవెప్పట్నుంచో ఉన్నాయమ్మా," అంది అక్క.

ఆమె ఒకసారి అక్కని పరీక్షగా చూసింది. "మీరు అక్కగారా? మరి మీ మరదలేరి?"

"మా వాడికి పెళ్ళే కాలేదు, మరదలెక్కణ్ణుంచి వస్తుంది?"

"కాలేదా? మరి ఇవాళ డెలివరీ అన్నారే?"

అక్క బల్ల మీదున్న కేకు వైపు వేలు చూపించింది.

నేను గుమ్మంలో నిలబడి ఆ వారమంతా ఏమేం మాట్లాడానో వెనక్కి లెక్క వేసుకున్నాను. మన భాషలో సుఖం అదే, చిక్కూ అదే. వదిన వచ్చింది అన్నా, వాన వచ్చింది అన్నా క్రియ ఒక్కటే. సున్నితం, తట్టుకోలేదు, పడిపోయింది, నేనే సరిచేశాను. నాకు చెవులు కాలిపోయాయి.

ఆమె పిండి బస్తా మీద కూలబడింది. ముందు భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు వచ్చింది, ఆగలేదు. "సీట్లోంచి పడిపోతే పక్కన ఆపి మీరే సరిచేశారా? నేను మీరు డాక్టరేమో అనుకున్నా," అంటూ కళ్ళు తుడుచుకుంది. అక్క కూడా బల్ల పట్టుకుని నవ్వింది. ఎన్నాళ్ళైందో అక్క అలా నవ్వి.

"ఇంక పదండి," అంది ఆమె లేచి. "మనిషి కాకపోయినా, నాకొదిలేయండని మాటిచ్చాను కదా. వెనక నేనే కూర్చుంటా."

ముగ్గురం కలిసి కేకుని పెట్టెలో పెట్టి ఎక్కించాం. ఆమె పక్కన కూర్చుని పెట్టె చుట్టూ చెయ్యి వేసింది.

సగం దూరం వెళ్ళామో లేదో పెద్ద రోడ్డు మూసేసి ఉంది. పక్కదారి నాకు తెలుసు. తెలుసు కాబట్టే బ్రేకు మీద కాలు వేశాను. ఒకటే మలుపులు, ఆ మలుపుల నిండా గుంటలు, ఆ గుంటల నిండా వాననీళ్ళు.

"తిప్పేస్తాను. వాళ్ళకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్తాను," అన్నాను.

"ఎంత లోతో నేను చెప్తాను, మీరు పోనివ్వండి."

"ఇది విరిగితే నా పని అయిపోయినట్టేనండీ. అక్క ఇక ఒప్పుకోదు. నాకు వేరే పని రాదు, వచ్చినా చేయాలని లేదు."

ఆమె పెట్టెని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "మనిషనుకునే చేశాను ఆ పని. కడుపుతో ఉన్న మనిషి కూర్చుంటుందని ప్రతి బోల్టూ రెండుసార్లు చూశాను. పోనివ్వండి."

పోనిచ్చాను. మొదటి గుంటలో చక్రాలు దిగాయి, లేచాయి. కారు ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు కదిలి ఊరుకుంది. మలుపులో నా భుజం తలుపుకి తగలనేలేదు. "బాగుంది," అంది వెనకనుంచి. ఇంకో గుంట. "బాగుంది." చివరి మలుపు దగ్గర నేను ఊపిరి బిగబట్టాను. "చాలా బాగుంది. వదలండి ఆ ఊపిరి."

హాలు దగ్గర నలుగురు వచ్చి కేకు లోపలికి మోసుకెళ్ళారు. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద నిటారుగా నిలబడింది. తీగ తెగలేదు, పువ్వు రాలలేదు. పెళ్ళికూతురు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది, వానని సాకు చేసుకుని ముఖం తుడుచుకున్నాను.

బయటికొచ్చి అక్కకి ఫోన్ చేశాను. అంతా విని, "అయితే అయిదంతస్తులు అడిగినవాళ్ళకి సరేనని చెప్తాను," అంది. "ఆ అమ్మాయికివ్వు."

ఆమె ఫోన్ తీసుకుని ఒక నిమిషం విన్నది. "అలాగేనండీ," అని తిరిగిచ్చేసింది. ముఖం ఎర్రబడి ఉంది.

"ఏమంది?"

"మీకెందుకు?" వాన తగ్గి, చూరు నుంచి బొట్లు పడుతున్నాయి. ఆమె వాటినే చూస్తూ అంది. "వారమంతా నాకు ఎంత కోపమొచ్చిందో తెలుసా? ఇంట్లో పెళ్ళాన్ని పెట్టుకుని ఈ మనిషి నన్నిలా చూస్తాడేంటని."

"అది కోపం వచ్చే విషయమే."

"దానికంటే పెద్ద కోపం నా మీద. అలాంటివాడు నాకు నచ్చుతున్నాడేంటని."

"నాకు మీరు మొదటి రోజే నచ్చారు. ఆ సుద్దబొమ్మ గీసినప్పుడే. చెప్పడం చేతకాలేదు."

"మీకు చెప్పడం ఎంత చేతనవునో చూశాంగా," అని నవ్వింది. "రేపు షెడ్డుకి రండి. మా బాబాయితో మాట్లాడుదురుగాని."

"వస్తాను. కారు పొద్దున్నే తీసుకురానా?"

"కారుకేమైంది ఇప్పుడు? బ్రహ్మాండంగా ఉంది," అంది. "మీరు రండి, చాలు."