కవలల తాళం

...అదే వదినా, చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది, ఏమనుకోకు. ఎక్కడ మొదలెట్టాలో తెలీక ఊరుకున్నా. స్టామెన్కా తెలుసుగా, పసిపిల్లల వార్డులో నర్సు, మా పైగదిలో అద్దెకుంటుంది. ఆవిడ సంగతే.

ఆ మధ్యాహ్నం అంతా మామూలుగానే ఉందట. కిటికీ బయట, మొరావా నది ఒడ్డున ఎవరో పెద్ద ఎర్ర మిరపకాయలు కాలుస్తున్నారు. లోపల స్పిరిట్ వాసన. గాజుపెట్టెల్లో కవల మగపిల్లలు. ఒకడు పొద్దున్నే పోయాడు, ఇన్ఫెక్షన్. రెండోవాడు బాగానే ఉన్నాడు. అయినా వాడి మడమ పొడిచి రక్తం పంపుతూనే ఉన్నారు. జ్వరం రాకముందే రక్తంలో ఒక నంబరు లేస్తుంది, దాన్ని పట్టుకుంటే పిల్లాడు దక్కుతాడు. వీడి నంబరు తక్కువే ఉంది.

అప్పుడొచ్చింది ఆ పిల్లల నాయనమ్మ జాగోర్కా. ఏడవలేదు. స్టామెన్కా చేతిలో చిన్న తాళంకప్ప పెట్టి, కవలల్లో ఒకడు పోతే ఏం చెయ్యాలో నీకు చెప్పాలా అంది. చెప్పక్కర్లేదు, మా వైపు అందరికీ తెలిసిందే. పోయినవాడి కాలి దగ్గర తాళం వెయ్యాలి, ఉన్నవాడి కాలి దగ్గర తియ్యాలి. తీసిన మనిషి ఉన్నవాడికి తోబుట్టువవుతుంది. పోయినవాడు వీణ్ణి వదిలి వెళ్ళిపోతాడు.

స్టామెన్కా పోయినవాడి కాలి దగ్గర తాళం వేసింది. టక్‌మంది. అంతలో డాక్టరు వస్తున్న అడుగులు. గబుక్కున కప్పని జేబులో దాచింది. తాళంచెవి మాత్రం పోయినవాణ్ణి చుట్టిన గుడ్డలో ఉండిపోయింది. సాయంత్రానికి వాడితోపాటే మట్టిలోకి వెళ్ళింది.

మర్నాడు ఉన్నవాడి నంబరు లేచింది. మందు మార్చారు. ఇంకా లేచింది. క్రిమి ఏదీ దొరకలేదు. డాక్టరు ల్యాబ్ వాళ్ళని తిట్టాడు. స్టామెన్కా మడమ పొడవబోయి ఆగింది... ఎడమకాలు వెచ్చగా ఉంది. కుడికాలు మంచు. చీలమండ చుట్టూ సన్నటి గీత. కింద ఎవరో లాగుతున్నట్టు... ఆ ఒక్క కాలే సాగి ఉంది.

"మామ్మా, తాళం నేను తియ్యలేదు. చెవి వాడితోపాటే పోయింది," అంది జాగోర్కాతో గుసగుసగా.

"ఇప్పుడైనా తియ్యి తల్లీ. చెవి లేకుండా తీస్తే ఎవరి కాలికి పడుతుందో నాకు తెలీదు."

ఆ మాటకి స్టామెన్కాకి భయమూ వెయ్యలేదు, బాధా కలగలేదు. మొద్దుబారిపోయిందంతే. కిందకెళ్ళి, బాయిలర్ చూసే మిలేంకోని కట్టరు అడిగింది. "ఏం, లోపలున్నవాడు తలుపు తియ్యట్లేదా?" అని వాడి వేళాకోళం. ఆవిడ కట్టరు పట్టుకుని పైకొచ్చేసింది.

తాళాన్ని పిల్లాడి కాలి దగ్గర పెట్టి కత్తిరించింది.

టక్.

తర్వాత... ఇంకోసారి. టక్.

తెగింది ఒకటే తాళం, వదినా.

నంబరు దిగింది. పిల్లాడు ఇంటికెళ్ళాడు, బొద్దుగా ఉన్నాడట. ఇక్కడ స్టామెన్కా కుడి మడమ మీద రోజూ పొద్దున్నే ఒక కొత్త సూదిచుక్క. పొడిచిన వాళ్ళెవరూ లేరు. నిన్న ఆవిడ రక్తం నేనే ల్యాబ్‌కి పట్టుకెళ్ళా. నంబరేమో... ఉండు వదినా, పైనుంచి పిలుస్తోంది. ఇంత ఎండలో మళ్ళీ ఉన్నిమేజోడు కావాలట. ఒక్క కాలికే.