పదేళ్ల గ్యారంటీ కింద పడుకున్న పిల్ల

కాకినాడలో ఇళ్లు కట్టి గల్ఫ్ వాళ్లకు అమ్మే రాజ్‌కుమార్, నిన్నే అడుగుతున్నాను. పదేళ్ల గ్యారంటీ అని ఊదరగొట్టావు. ఆ గ్యారంటీ ఏం చేస్తే పోతుందో చెప్పడానికి మాత్రం నీకు నోరు రాలేదు. నీ శ్లాబు కింద ఒక పిల్ల పడుకునేది.

ఆ శుక్రవారం ఉదయం సౌదీలోని బురైదాలో నర్సు ప్రేమజ్యోతి డ్యూటీ దిగివచ్చి, ప్రార్థనకు వచ్చేవాళ్ల కోసం టీ పెడుతోంది. పాట బయటికి వినబడకుండా భర్త యిర్మీయా కిటికీ తెరలు లాగుతున్నాడు. కాకినాడ నుంచి అత్తగారు ఫోన్ చేసింది. రాజ్‌కుమార్ దగ్గర కొన్న కొత్తింట్లో కప్పు పెచ్చు ఊడి వీళ్ల కూతురు జాయ్సీ తలగడ మీద పడిందట. పళ్లు తోముకోడానికి లేచింది కాబట్టి పిల్ల బతికిందట.

ప్రేమజ్యోతి స్టవ్ కట్టేసి రాజ్‌కుమార్‌కు ఫోన్ చేసింది. అతను తాపీగా విన్నాడు. శ్లాబుకు గ్యారంటీ ఉందిగానీ, తనకు చెప్పకుండా వేరే మేస్త్రీ చెయ్యి పెడితే చెల్లదన్నాడు. మీ ఆయన్నే అడగండి సిస్టర్ అని పెట్టేశాడు.

యిర్మీయా తెర పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏం చేశారండీ?"

గృహప్రతిష్ఠకు ముందు ఆ గది కప్పులో బీట ఉందని అమ్మ తనకు చెప్పిందట. పాస్టరుగారు, సంఘమంతా వస్తారు, చూసి నవ్వుతారని, తనే తెలిసిన మేస్త్రీతో సిమెంటు పూయించి రంగేయించమన్నాడట.

"పదేళ్లన్నాడు కదా జ్యోతీ. ఎవరు పూసినా పదేళ్లే అనుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"భయపడతావని."

"మీ పరువుకి రంగేసి, దాని కింద నా పిల్లని పడుకోబెట్టారు."

యిర్మీయా కూలబడ్డాడు. పాస్‌పోర్టులు పనిలో పెట్టుకున్న కఫీల్ దగ్గరున్నాయి. దేశం దాటడానికి అతని ఎగ్జిట్ అనుమతి దొరికేదాకా ఇక్కణ్ణుంచి కదల్లేరు. ఉన్నదల్లా ఫోనే. తల్లికి చేశాడు, పిల్లని తీసుకుని అద్దింటికి పొమ్మన్నాడు.

"కొత్తిల్లు పెట్టుకుని అద్దెకి పోతే ఊరు నవ్వుద్దిరా. ముందు గదిలో పడుకుంటాంలే."

ముందు గది పైన ఉన్నదీ ఆ శ్లాబే. వెనక నుంచి జాయ్సీ దుమ్ముకు దగ్గడం వినిపించింది.

"నవ్వనీయమ్మా. బీట మూయించింది నేనే, తప్పు నాదే. పిల్ల పుస్తకాలు కూడా సర్దొద్దు. ఇప్పుడే బయటికి రండి."

 ప్రేమజ్యోతి పక్కన కూర్చుని, ఫోన్ ఉన్న ఆ చేతిని పట్టుకుంది. ఫోన్లో అక్కడి గేటు చప్పుడు వినబడేదాకా ఇద్దరూ లైన్లోనే ఉన్నారు.

ప్రార్థనకు వచ్చినవాళ్లలో అదే వరసలో ఇల్లు కొన్నవాళ్లున్నారు. యిర్మీయా పాట మొదలుపెట్టనివ్వకుండా జరిగిందంతా వాళ్లకు చెప్పాడు.

రాజ్‌కుమార్, మేస్త్రీ పూసింది పైపూత. లోపలి ఇనుము నువ్వు కట్టిందే. ఇంజనీరును తీసుకొచ్చి, ఆ ఇంటివాళ్ల ముందు ఆ కప్పు విప్పు. ఇళ్లు కొన్నవాళ్లూ వినండి. బీట కనిపిస్తే మూయొద్దు. ఫొటో తీసి, కాగితం మీద రాసి బిల్డరుకు పంపండి. అంతకంటే ముందు, దాని కింద పడుకున్నవాళ్లని లేపండి.